ఆ గులాబీ గీత అబద్ధం కాదు

పేరు వద్దంటూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 29. ఏడాదిగా పిల్లల కోసం చూస్తున్నారు. నెలసరి ఆమెకు ఒక లెక్కలో రాదు, ఒకసారి 30 రోజులకే వస్తే ఇంకోసారి 38 రోజులు పడుతుంది. కిందటిసారి 31వ రోజు సాయంత్రం ఆగలేక ఇంట్లోనే కిట్‌తో చూసుకున్నారు. ఒకే గీత. 34వ రోజు తెల్లవారుజామున మళ్లీ చూస్తే నాలుగో నిమిషంలో పలచగా, గులాబీ రంగులో రెండో గీత కనిపించింది. భర్తను నిద్ర లేపి చూపించారు. పొద్దెక్కకముందే ఆయన వాళ్లమ్మగారికి ఫోన్ చేసి చెప్పేశారు. మర్నాడు మధ్యాహ్నం, ఖాయం చేసుకుందామని సీసాడు నీళ్లు తాగి మరీ ఇంకో కంపెనీ కిట్ వాడితే ఒకే గీత. ఏడ్చి దాన్ని చెత్తబుట్టలో పడేశారు. రాత్రి పదింటికి మనసు ఊరుకోక మళ్లీ తీసి చూస్తే అందులో బూడిద రంగు గీత ఒకటి ఉంది. 36వ రోజు పొద్దున మరో కిట్‌లో మళ్లీ పలచని గులాబీ గీత. 38వ రోజు గడ్డలతో బ్లీడింగ్ మొదలైంది. 39వ రోజు డాక్టర్ దగ్గరికి వెళ్తే రక్తపరీక్షలో బీటా హెచ్‌సీజీ (గర్భం వస్తే పెరిగే హార్మోన్) 19 వచ్చింది, రెండు రోజుల తర్వాత 6. స్కానింగ్‌లో గర్భసంచి ఖాళీగా ఉంది. "కెమికల్ ప్రెగ్నెన్సీ, కంగారేం లేదు, మళ్లీ ప్రయత్నించండి" అని రెండు నిమిషాల్లో పంపించేశారట.

అసలు బాధ ఆ తర్వాతే మొదలైంది. "లేని కడుపు ఉందని చెప్పింది" అని అత్తగారు చుట్టాలతో అన్నారు. భర్త అవుననరు, కాదనరు. ఆడపడుచుకు మూడో నెల దాకా కిట్‌లో ఏమీ పడలేదట, అందుకని ఈ కిట్‌లన్నీ మోసమని ఆవిడ వాదన. ఆ వారంలోనే జలుబు చేసి యాంటీబయాటిక్ వేసుకున్నాననీ, దానివల్లే తప్పుడు గీత వచ్చిందేమోననీ పాఠకురాలి అనుమానం. ఇప్పుడు 25 స్ట్రిప్పుల ప్యాకెట్ కొనుక్కుని రోజూ పొద్దున్నే చూసుకుంటున్నారు. బ్లీడింగ్ మొదలై 26 రోజులైంది, 17 స్ట్రిప్పులు అయిపోయాయి. "నాకు కడుపు వచ్చిందా, రాలేదా? కిట్ మోసం చేసిందా, నేనే అబద్ధం చెప్పానా? మళ్లీ ఎప్పుడు చూసుకోవాలి? ఇంట్లో ఏం చెప్పాలి?" అని అడిగారు. చివర్న ఒక వాక్యం: "ఆ మొదటి స్ట్రిప్ బీరువాలో చీర మడతలో దాచుకున్నాను. పారేయాలా?"

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు మొదటే జవాబు చెప్తాను. మీకు కడుపు వచ్చింది. కొద్ది రోజులే ఉంది, నిలవలేదు. కానీ వచ్చింది. మీరు అబద్ధం చెప్పలేదు, మీ కళ్లు మిమ్మల్ని మోసం చేయలేదు. గర్భం లేని స్త్రీకి రక్తంలో ఈ హార్మోన్ 5 లోపు ఉంటుంది. 5 నుంచి 25 మధ్య వస్తే ఆ ఒక్క అంకెను బట్టి ఏదీ తేల్చరు, రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. మీకు అలాగే చూశారు. ముందు రెండుసార్లు గులాబీ గీత, తర్వాత 19, తర్వాత 6. ఇది మొదలైన గర్భం తగ్గిపోతున్న క్రమం. అసలు మొదలవకపోతే ఆ 19 ఎక్కడి నుంచీ రాదు.

మరి కిట్‌లు నాలుగు రోజుల్లో నాలుగు మాటలు ఎందుకు చెప్పాయి? మనం కిట్‌ను అడిగే ప్రశ్న వేరు, అది జవాబిచ్చే ప్రశ్న వేరు. మనం "బిడ్డ ఉందా?" అని అడుగుతాం. ఆ కాగితం ముక్కకు బిడ్డ సంగతి తెలియదు. "ఈ చుక్కలో, ఈ క్షణాన, నాకు కనిపించేంత హెచ్‌సీజీ ఉందా?" అన్నదొక్కటే అది చూస్తుంది.

ఆ హార్మోన్‌ను తయారుచేసేవి తర్వాత మాయగా ఎదిగే కణాలు. పిండం గర్భసంచి గోడకు అంటుకున్నాక గానీ అది తల్లి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి రాదు. అండం విడుదలయ్యాక అలా అంటుకోవడానికి 6 నుంచి 12 రోజులు పడుతుంది, ఎక్కువమందిలో 8 నుంచి 10 రోజులు. మొదట్లో హార్మోన్ చాలా కొంచెం. ఆ తర్వాత రెండు మూడు రోజులకోసారి సుమారుగా రెట్టింపవుతూ పోతుంది. మామూలు స్ట్రిప్పులు మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్ల దగ్గర గీత చూపించేలా తయారవుతాయి. ఇంకా తక్కువకే చూపించేవీ ఉన్నాయి. స్ట్రిప్‌లో ఒక చోట సన్నని బంగారు రేణువులకు తగిలించిన యాంటీబాడీలు ఉంటాయి. మూత్రం కాగితం వెంట పాకుతూ వాటిని తీసుకెళ్తుంది. హార్మోన్ ఉంటే అవి దాన్ని పట్టుకుని, పరీక్ష గీత దగ్గరున్న యాంటీబాడీలకు చిక్కి అక్కడే పోగుపడతాయి. మనకు కనిపించే ఆ గులాబీ రంగు ఆ బంగారు రేణువులదే. పక్కనున్న కంట్రోల్ గీత అర్థం ఒక్కటే: మూత్రం చివరిదాకా పాకింది, స్ట్రిప్ పనిచేసింది. అది కూడా పడకపోతే ఆ పరీక్ష లెక్కలోకి రాదు.

ఇప్పుడు మీ స్ట్రిప్పులను ఒక్కొక్కటే చూద్దాం.

31వ రోజుది. చాలా డబ్బాల మీద 99 శాతం కచ్చితం అని ఉంటుంది. నెలసరి రావలసిన రోజు నుంచి, చెప్పిన పద్ధతిలో వాడితే అన్న షరతు దాని వెనకే ఉంటుంది. మీలాంటి వాళ్లకు ఇబ్బంది సరిగ్గా అక్కడే. 30 రోజులకు రావచ్చు, 38 రోజులకు రావచ్చు అన్నప్పుడు "రావలసిన రోజు" ఏది? నెల తప్పిందని దేన్ని బట్టి అనుకోవాలి? అండం విడుదలైన దగ్గర నుంచి నెలసరికి పట్టే కాలం చాలామందిలో రెండు వారాలకు అటూ ఇటూగా ఉంటుంది. ఎక్కువ తక్కువలన్నీ దానికి ముందు భాగంలోనే వస్తాయి. మీకు ఈసారి 20వ రోజు అటూ ఇటూగా అండం విడుదలై ఉంటే, పిండం 29, 30 రోజులకు అంటుకుని ఉంటుంది. 31వ రోజు సాయంత్రానికి హార్మోన్ అప్పుడే మొదలై ఉంటుంది. ఆ ఒంటి గీత తప్పు కాదు, తొందరపడి అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు. నెగెటివ్ వచ్చి తర్వాత పాజిటివ్ అయిన వాళ్లలో ఎక్కువమంది కథ ఇదే.

34వ రోజుది, మీరు బీరువాలో దాచుకున్నది. తెల్లవారుజామున చేశారు, నాలుగో నిమిషంలో చూశారు, గులాబీ రంగు ఉంది. ఆ మూడూ కలిస్తే గీత ఎంత పలచనైనా సరే అది గీతే. హార్మోన్ ఇంకా తక్కువగా ఉంది కాబట్టి రంగు తక్కువగా పట్టింది. నా దగ్గరికి వచ్చేవాళ్లు స్ట్రిప్‌ను టిష్యూలో చుట్టి, పర్సు లోపలి అరలో పెట్టి తెస్తారు. కిటికీ దగ్గరికెళ్లి వెలుతురుకు పెట్టి, అటు వంచి ఇటు వంచి, ఫోన్ లైటు వేసి, ఫొటో తీసి రంగులు తిరగేసి, "ఉందంటారా?" అని అడుగుతారు. వాళ్లకు నేను చెప్పేది ఇదే. సమయంలోపు రంగున్న గీత పడితే ఉన్నట్టే. నిన్నటి గీత కంటే ఇవాళ్టిది ముదిరిందా, పలచబడిందా అని కొలవడానికి మాత్రం స్ట్రిప్ పనికిరాదు. తాగిన నీళ్లను బట్టి, పీల్చిన మూత్రాన్ని బట్టి, తయారైన విడతను బట్టి కూడా రంగు మారుతుంది.

35వ రోజు మధ్యాహ్నం చేసినదాంట్లో రెండు సంగతులున్నాయి. సీసాడు నీళ్లు తాగారు, అంటే మూత్రం పలచబడింది. హార్మోన్ ఒంట్లో అంతే ఉన్నా చుక్కలో తగ్గిపోతుంది. బాగా పెరిగాక ఇది పెద్ద తేడా చేయదు, కానీ 25 చుట్టూ ఊగిసలాడే రోజుల్లో ఆ సీసాడు నీళ్లే గీతను తుడిచేస్తాయి. మొదటి వారంలో పొద్దున్నే లేవగానే చూసుకోమనేది అందుకే, రాత్రంతా నిలిచిన మూత్రం చిక్కగా ఉంటుంది. పైగా అది ఇంకో కంపెనీది. ఒకటి పట్టేంత తక్కువను ఇంకొకటి పట్టకపోవచ్చు. రెండు కంపెనీలను ఒకదాని మీద ఒకటి సాక్ష్యం పెట్టడం ఈ మొదటి రోజుల్లో ఎవరికైనా మతి పోగొట్టే పనే.

అదే స్ట్రిప్‌ను రాత్రి పదింటికి చెత్తబుట్టలోంచి తీశారు. అందులో బూడిద రంగు గీత ఉందన్నారు. ఇది మాత్రం నమ్మకూడని గీత. మూత్రం ఆరిపోయాక, యాంటీబాడీలు పూసిన చోట ఒక మరక లాంటి చార మిగిలిపోతుంది. రంగు ఉండదు. బూడిదగానో, నీటి మరకలాగానో, కాగితం మీద గోరుతో గీసినట్టుగానో ఉంటుంది. గర్భం ఉన్నా లేకపోయినా పడుతుంది. కిట్ కాగితం మీద ఐదు నిమిషాలకు చూడండి, పది నిమిషాలు దాటాక చూడొద్దు అని రాసేది దీనికోసమే (నిమిషాల లెక్క కిట్‌కూ కిట్‌కూ మారుతుంది, మీ కిట్ కాగితంలో ఉన్నదే పాటించాలి). ఇది చిన్న జాగ్రత్తలా కనిపిస్తుంది గానీ ఆ పది నిమిషాల గీటు దాటి చూసి ఆశ పెట్టుకున్నవాళ్లు, భయపడ్డవాళ్లు ఎందరో. మీ గందరగోళానికి మూలం ఇదే. నిజమైన గీత ఒకటి, మరక ఒకటి, రెండూ మీ మనసులో కలిసిపోయాయి. మరక అబద్ధమని తెలియగానే మొదటిది కూడా అబద్ధమేమో అనుకున్నారు. కాదు. రెండూ వేరు.

36వ రోజు పొద్దున్న వచ్చింది మళ్లీ నిజమే.

ఇక "కెమికల్ ప్రెగ్నెన్సీ". ఈ పేరు నాకు నచ్చదు. విన్నవాళ్లకు ఏదో రసాయనం వల్ల వచ్చిన ఉత్తుత్తి గర్భం అనిపిస్తుంది. మీ అత్తగారు కూడా అలాగే విని ఉంటారు. అసలు అర్థం వేరు. స్కానింగ్‌లో కనిపించేంత ఎదగకముందే, హార్మోన్ పరీక్షలో మాత్రమే తెలిసి, ఆగిపోయిన గర్భం అని. నెలసరి లెక్క ప్రకారం వచ్చేవాళ్లకు కూడా, లోపలి నుంచి చేసే స్కానింగ్‌లో గర్భపు తిత్తి సుమారు ఐదో వారానికి గానీ కనిపించదు. మీది అంతదాకా రాలేదు, అందుకే గర్భసంచి ఖాళీగా కనిపించింది. ఇలా మొదట్లోనే ఆగిపోవడం అరుదేమీ కాదు. ఎక్కువసార్లు కారణం ఆ పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం. మీరు ఎత్తిన బరువో, చేసిన ప్రయాణమో, మింగిన యాంటీబయాటిక్కో కాదు.

ఒకప్పుడైతే ఇది మీకు తెలిసేదే కాదు. 1920ల చివర్లో ఈ పరీక్షకు మూత్రాన్ని ఎలుకలకు ఎక్కించి, వాటి అండాశయాలను కోసి చూసేవారు, ఆ తర్వాత కప్పలకు ఎక్కించారు. ఇంట్లో చేసుకునే కిట్ ఆలోచన 1967లో మార్గరెట్ క్రేన్ అనే డిజైనర్‌కు వచ్చింది. ఆ రోజుల్లో మీ వయసు స్త్రీకి ఇదే జరిగితే "ఈసారి నెలసరి వారం ఆలస్యమైంది, కాస్త ఎక్కువగా పోయింది" అనుకుని ఊరుకునేది. ఇప్పటి కిట్ అంత తక్కువను కూడా పట్టుకుంటుంది కాబట్టే ఆ నాలుగు రోజులు మీకు కనిపించాయి. కిట్ మిమ్మల్ని మోసం చేయలేదు. మోయలేనంత ముందుగా నిజం చెప్పింది.

యాంటీబయాటిక్ సంగతి వచ్చింది కాబట్టి అది కూడా తేల్చేస్తాను. యాంటీబయాటిక్ వల్ల గీత పడదు. జ్వరం మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, అండం విడుదలకు ఇచ్చే మాత్రల్లో కూడా ఈ హార్మోన్ లేదు. పిల్లల కోసం చికిత్సలో ఇచ్చే హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఒకటుంది, దాంట్లో ఉండేది ఇదే హార్మోన్. అది తీసుకున్నాక పది పద్నాలుగు రోజుల వరకు గర్భం లేకపోయినా గీత పడొచ్చు. అబార్షన్ అయ్యాక, కాన్పయ్యాక కూడా పాత హార్మోన్ పూర్తిగా పోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ముత్యాల గర్భం (బిడ్డకు బదులు మాయ కణాలే గుత్తులుగా పెరిగే అసాధారణ గర్భం), అరుదుగా కొన్ని రకాల కణుతులు, ముట్లుడిగే వయసులో పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే కొద్దిపాటి హార్మోన్ కూడా కారణం కావచ్చు. మీ అంకెలు చూస్తే వీటిలో ఏదీ మీకు వర్తించేలా లేదు. సబ్బు, టూత్‌పేస్టు లాంటివాటితో ఇంట్లో చేసే పరీక్షలకు ఏ ఆధారమూ లేదు, ఎవరు చెప్పినా అటు పోకండి.

మీ ఆడపడుచు సంగతి నిజమే అయ్యుండొచ్చు, దాన్ని కొట్టిపారేయకండి. మూడో నెల దాకా కిట్‌లో ఏమీ పడకపోవడానికి ఎక్కువగా ఉండే కారణం లెక్క తప్పడమే. అండం ఆలస్యంగా విడుదలై, ఆవిడ రెండు నెలలనుకున్నప్పుడు నిజానికి నెల కూడా నిండి ఉండదు. రెండోది అరుదు, కానీ ఉంది. హార్మోన్ 8 నుంచి 11 వారాల మధ్య శిఖరానికి చేరుతుంది, లక్ష మిల్లీ యూనిట్లు దాటడం కూడా మామూలే. అంత ఎక్కువైతే స్ట్రిప్ మునిగిపోతుంది. బంగారు రేణువుల మీది యాంటీబాడీలకు ఒక హార్మోన్, గీత మీది యాంటీబాడీలకు ఇంకో హార్మోన్ విడివిడిగా అతుక్కుపోతాయి. రెంటినీ కలిపే వంతెన పడదు, గీత పలచబడుతుంది, ఒక్కోసారి అసలు పడదు. హార్మోన్ విరిగి మూత్రంలోకి వచ్చే ముక్కలు కూడా కొన్ని స్ట్రిప్పులను ఇలాగే తికమక పెడతాయి. అంటే నెలసరి రాకుండా వారాలు గడుస్తూ, వికారం, రొమ్ముల నొప్పి ఉంటే, కిట్‌లో ఒకే గీత ఉంది కదా అని కూర్చోకూడదు. రక్తపరీక్షో స్కానింగో చేయించుకోవాలి. మీ ఆడపడుచు కిట్‌ను నమ్మకపోవడానికి ఆవిడ చూసిన కారణం ఒకటి ఉంది. దాన్ని మీ విషయానికి అంటగట్టడం మాత్రం తప్పు. ఉన్నదాన్ని లేదనడానికి కిట్‌కు చాలా దారులున్నాయి. లేనిదాన్ని ఉందనడానికి చాలా తక్కువ.

మీరు అడగనిది ఒకటి నేనే చెప్పాలి. పాజిటివ్ వచ్చి, బ్లీడింగ్ అయి, గర్భసంచి ఖాళీగా ఉన్నప్పుడు ప్రతిసారీ అది మామూలుగా ఆగిపోయిన గర్భమే అవ్వాలని లేదు. ట్యూబులో నిలిచిన గర్భం కూడా ఇలాగే మొదలవుతుంది. అందులోనూ హార్మోన్ తక్కువగా ఉంటుంది, గీత పలచగా పడుతుంది. మీకు అంకె గబగబా తగ్గింది కాబట్టి ఆ అనుమానం తక్కువ. కానీ 6 తర్వాత మళ్లీ పరీక్ష చేయించినట్టు మీరు రాయలేదు. 5 లోపుకు దిగిందని కాగితం మీద చూసుకునేదాకా ఈ అధ్యాయం ముగిసినట్టు కాదు. మీ డాక్టర్‌ను అడగండి. ఈసారైనా, ఇంకెప్పుడైనా, పొత్తికడుపులో ఒక పక్క పొడిచినట్టు నొప్పి, భుజం కొనలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే కిట్ ఏం చూపించినా పట్టించుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అప్పుడు గంటలు కూడా ముఖ్యమే.

ఇప్పుడు రోజూ పొద్దున్నే చూసుకుంటున్న సంగతి. 17 స్ట్రిప్పులు. వాటిలో మొదటి రెండు వారాలవి దేన్నీ చెప్పగలిగేవి కావు, ఎందుకంటే అప్పటికి అండమే విడుదలై ఉండదు. బ్లీడింగ్ మొదలైన రోజును ఒకటిగా లెక్కపెడితే ఇవాళ 26. మీ నెలసరి 38 రోజులకు పోయే రకం అయితే అండం 24వ రోజు ప్రాంతంలో విడుదలై ఉంటుంది, అంటే మొన్న! ఇవాళ్టి ఒంటి గీతకు ఏ అర్థమూ లేదు. అయినా ప్రతి పొద్దునా అది మిమ్మల్ని ఒకసారి ఏడిపిస్తోంది.

మీ ముందు కొన్ని దారులున్నాయి. స్ట్రిప్పులు పక్కన పెట్టి 39వ రోజు దాకా ఆగడం ఒకటి. లేదా చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టుకుని అప్పుడు చూడటం. నెలసరి అస్తవ్యస్తంగా ఉండేవాళ్లకు ఈ రెండో లెక్కే నమ్మకం. ఇలా ఆగితే వచ్చే జవాబు చాలావరకు తిరగబడదు. ఇంకో సంగతి కూడా ఉంది. కిందటిసారి లాంటిది మళ్లీ జరిగితే, ఆగినవాళ్లకు అది ఆలస్యంగా వచ్చిన నెలసరిలాగే దాటిపోవచ్చు. అది తెలియకపోవడమే నయమని కొందరంటారు. తెలియాలి, ఎంత చిన్నదైనా నాదే కదా అనేవాళ్లు ఇంకొందరు. ఇందులో తప్పొప్పుల్లేవు, మీరు ఏ రకమో మీకే తెలియాలి. అన్ని రోజులు ఆగడం కష్టంగానే ఉంటుంది, అది దాచను.

ఆగలేనంటే రక్తపరీక్ష ఉంది. స్ట్రిప్ కంటే కొన్ని రోజుల ముందే తెలుస్తుంది, గీత ఉందా లేదా అన్న వాదన ఉండదు, అంకె ఉంటుంది. కానీ మొదట్లో ఒక్క అంకెతో ఏదీ తేలదని మీరే చూశారు. 48 గంటలాగి రెండోది చేయించాలి, పెరుగుతోందా తగ్గుతోందా చూడాలి. ఆ 48 గంటలు మీకు కిందటిసారి ఎలా గడిచాయో గుర్తు తెచ్చుకుని నిర్ణయించుకోండి. ఇప్పుడే చేయిస్తే ఒక లాభం మాత్రం ఉంది, పాతది 5 లోపుకు దిగిందో లేదో కూడా అందులోనే తేలిపోతుంది.

అండం ఎప్పుడు విడుదలవుతోందో తెలుసుకునే స్ట్రిప్పులు వేరే దొరుకుతాయి. అవి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఉప్పెన చూపిస్తాయి, ఆ తర్వాత ఒకటి ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుంది. ఆ తేదీ తెలిస్తే "నెల తప్పింది" అన్న మాటకు మీ ఒంట్లో అసలైన లెక్క దొరుకుతుంది. అప్పటి నుంచి పదిహేను, పదహారు రోజులకు ఒక్కసారి చూసుకుంటే చాలు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లకు ఆ స్ట్రిప్పులు కూడా దారి తప్పిస్తాయి, మీకు ఉందో లేదో డాక్టర్ చెప్పాలి. నాకున్న సంకోచం ఇంకొకటి. రోజూ పొద్దున గీత కోసం చూసే అలవాటు ఇప్పటికే మీకు పట్టుకుంది, ఇది దానికి ఇంకో ప్యాకెట్ తోడు చేస్తుందేమో. డాక్టర్‌ను కలిసినప్పుడు నెలసరి ఎందుకు అటూ ఇటూ అవుతోందో అడగండి, థైరాయిడ్ పరీక్ష కూడా అడగండి. ఒకసారి ఇలా ఆగిపోయినంత మాత్రాన పెద్ద పరీక్షలేవీ అక్కర్లేదు, మళ్లీ మళ్లీ జరిగితే అప్పుడు చూస్తారు. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే వేసుకుంటూ ఉండొచ్చు. ఎంతకాలం ఆగి ప్రయత్నించాలని చాలామంది అడుగుతారు. ఇంత తొలినాళ్లలో ఆగిపోయినప్పుడు, మీ ఒళ్లూ మనసూ సరే అంటే, నెలల తరబడి ఆగాల్సిన పని సాధారణంగా ఉండదు.

ఇంట్లో ఏం చెప్పాలన్నది వైద్యం కాదు, అయినా మీరు నాలుగు పేజీల్లో రెండున్నర పేజీలు దాని గురించే రాశారు.

మీ అత్తగారికి మీరే నేరుగా చెప్పొచ్చు. "అత్తయ్యా, కడుపు వచ్చింది, నిలవలేదు" అని ఆ రెండు మాటలే. కెమికల్ అన్న పదం వాడకండి, హార్మోన్ల అంకెలు వద్దు. నిలవకపోవడం అంటే ఏమిటో ఆ తరం ఆడవాళ్లకు మనకంటే బాగా తెలుసు, వాళ్లలో చాలామంది ఎవరికీ చెప్పకుండా దాన్ని దాటి వచ్చినవాళ్లే. ఆవిడ మెత్తబడొచ్చు. మెత్తబడకపోతే, మీరు అంత కష్టపడి చెప్పిన మాట మళ్లీ చుట్టాల దాకా వెళ్లొచ్చు, ఆ దెబ్బ ఇప్పటిదానికంటే గట్టిగా తగులుతుంది. ఆ ధైర్యం ఇవాళ లేకపోతే చెప్పకపోయినా మీరేమీ దోషి కారు.

నాకైతే ఆ మాట మీవారు చెప్పడమే న్యాయంగా తోస్తోంది. ఫోన్ చేసి చెప్పింది ఆయన. నిలవలేదని చెప్పాల్సిన ఫోన్ కూడా ఆయనదే. ఆయన మౌనాన్ని మీరు అనుమానంగా చదువుతున్నారు. అది అనుమానమే కావచ్చు. ఆ తెల్లవారుజామున గీత చూసి తండ్రినయ్యాననుకున్న మనిషికి నాలుగు రోజుల తర్వాత ఏమనాలో తెలియని మౌనం కూడా కావచ్చు. ఆ రక్తపరీక్ష కాగితాలు రెండూ ఆయన ముందు పెట్టి, 19, 6 అంటే ఏమిటో ఒకసారి చెప్పండి. డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి, "నా భార్యకు గర్భం వచ్చిందా?" అని ఆయన నోటితోనే అడగనివ్వండి. డాక్టర్ "వచ్చింది" అన్న మాట ఆయన చెవిన పడటం మీకు ఎంత పని చేస్తుందో చూడండి. ఆ తర్వాత కూడా ఆయన నోరు విప్పకపోతే, అది కిట్‌ల సమస్య కాదు, దాని గురించి మళ్లీ రాయండి, మాట్లాడుకుందాం.

మళ్లీ గీత కనిపిస్తే ఎవరికి ఎప్పుడు చెప్పాలో ముందే ఇద్దరూ కూర్చుని అనుకోండి. స్కానింగ్‌లో గుండె చప్పుడు కనిపించేదాకా, అంటే ఆరో వారం దాటేదాకా, ఎవరికీ చెప్పకుండా ఉంచుకోవచ్చు. అలా అయితే చుట్టాల మాటల బాధ ఉండదు. కానీ ఏదైనా అయితే ఓదార్చేవాళ్లు కూడా ఉండరు. మీకు ధైర్యం చెప్పే మనిషి ఒక్కరు, మీ అమ్మో, అక్కో, స్నేహితురాలో, ఆ రహస్యంలో ఉంటే నయం.

మిగిలిన 8 స్ట్రిప్పులు మీవారి చేతికివ్వండి, 39వ రోజున ఒకటి అడిగి తీసుకోండి. విప్పిన పొట్లంలో ఏదైనా ఉంటే దాన్ని వాడకండి, తేమ తగిలిన స్ట్రిప్ నమ్మకం కాదు. గడువు తేదీ కూడా చూడండి.

చీర మడతలో ఉన్న స్ట్రిప్ సంగతి. ఉంచుకోండి, పారేయండి, అది మీ ఇష్టం. దాన్ని ఇప్పుడు ఎవరికైనా సాక్ష్యంగా చూపించాలని మాత్రం తీయకండి, ఈపాటికి ఆరిపోయి రంగు మారి ఉంటుంది, చూసినవాళ్లకు అది కూడా బూడిద మరకలాగే కనిపిస్తుంది. దాన్ని చదవాల్సిన సమయం ఆ తెల్లవారుజామున నాలుగో నిమిషం. అప్పుడు మీరు చదివారు, సరిగ్గానే చదివారు.